రాళ్ళ చదువు

ఇంటర్ పాసయ్యేసరికే నేను ఏ కాలేజీలో చేరాలో నాన్న తేల్చేశాడు. కంచరపాలెంలో మా సందు దాటి నాలుగడుగులు వేస్తే ఆడపిల్లల కాలేజీ. బస్సు ఎక్కే పని లేదు. ఇంక ఆలోచించడానికేముంది అన్నాడు.

నేను మాత్రం చివర నుంచి మొదలుపెట్టాను. ఎమ్మెస్సీ జియాలజీ చదవాలని నా పంతం. ఒక్కదాన్నే యూనివర్సిటీకి వెళ్ళి, ఆ డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీదున్నదంతా నోటు పుస్తకంలో దించుకున్నాను. బీయస్సీలో జియాలజీ చదవనివాళ్ళు అప్లికేషను పెట్టుకోవడానికే లేదు. మా ఇంటి దగ్గరి కాలేజీలో ఆ సబ్జెక్టు లేదు. ఉన్న కాలేజీ రెండు బస్సుల దూరం, అదీ మగపిల్లలతో కలిసి.

నాన్న పోర్టులో కళాసీ. ఓడల్లోకి ఖనిజం ఎక్కించే పని. ఇంటికొచ్చేసరికి కనుబొమల నిండా ఎర్రదుమ్మే. నా మాట విని నవ్వాడు.

"రాళ్ళకి సదువేటి? నాను రోజూ మోత్తన్నాను కదా."

ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆడపిల్లల కాలేజీ అప్లికేషను తెచ్చి ముందు పెడితే ముట్టుకోలేదు. మూడో రోజు విసుగెత్తి, సరే పద చూసొద్దాం అన్నాడు. నా పిచ్చి వదిలించడానికే వస్తున్నాడని నాకు తెలుసు.

ఆ రెండు బస్సుల దూరం కాలేజీలో జియాలజీ మేష్టారు మర్యాదగానే మాట్లాడారు. రాళ్ళ కోసం వారం పది రోజులు కొండల్లో తిరగాలి, ఇంతవరకూ అమ్మాయిలెవరూ చేరలేదు, వేరే గ్రూపు చూసుకోండి అన్నారు. నాన్నకి కావలసిన మాట దొరికేసింది. ఇక పద అంటాడని పుస్తకం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

నాన్న లేవలేదు. బల్ల మీదున్న నల్లరాయిని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. మాంగనీసు కదండీ అన్నాడు. మేష్టారు ఆశ్చర్యంగా చూసి అవునన్నారు.

"ఇరవయ్యేళ్ళుగా మోత్తన్నాను బాబూ. ఇది ఎక్కడ పుడతాదో నాకు ఎవులూ సెప్పలేదు. మా పిల్లకి సెప్పండి."

మేష్టారు సొరుగు లాగి అప్లికేషను ఇచ్చారు. నాన్న అక్కడే సంతకం పెట్టాడు. రెండు రోజులు మాట్లాడనందుకు నాకు సిగ్గేసింది.

తిరుగు బస్సులో నాన్న ఒకటే మాటన్నాడు.

"మూడేళ్ళు కాదు, ఐదేళ్ళు. మజ్జిలో మానేత్తానంటే ఊరుకోను."

పెళ్ళి సంబంధమంటూ వచ్చిన చుట్టాలందరికీ, నా ఎమ్మెస్సీ అయ్యేదాకా ఆయన ఆ ఐదేళ్ళ మాటే చెప్పి పంపించాడు.