పవర్ సగమైన రోజు

మాస్కులు కట్టుకుని తిరిగిన ఆ రోజుల్లో మా ఇంట్లో దాచిపెట్టడానికి వీల్లేనిది ఏదైనా ఉందంటే అది నా చదువే. సూరత్‌లో బమ్రోలి వైపు మూడంతస్తుల బిల్డింగులో మాకున్నది ఒకే గది. కాలేజీ మూతపడి ఫోనులోకి వచ్చేసింది. డిగ్రీ మొదటి ఏడాది లెక్కలు మనసులో చదువుకుంటే నాకు ఎక్కేవి కావు. పైకి అనాలి, అదీ మా ఇంటి తెలుగులో, ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టు అనాలి. ఇరుగుపొరుగు పాపం ఓర్చుకునేవారు. మా కింది గదిలో ఉండే ఆవిడ మాత్రం ఓర్చుకోవడమే కాదు, శ్రద్ధగా వినేది కూడా. మా నాన్న, అంటే బాపు, ఆవిడను అక్కా అనేవాడు కనుక నాకు అత్తమ్మ. బిల్డింగంతా ఆవిడను రేడియో అనేది (ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి).

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి లెక్కల సారు వీడియోలో మౌఖిక పరీక్ష పెడతానన్నారు. నాకు కొరుకుడు పడనిది సైన్, కాస్‌ల సరి ఘాతాలను, అంటే ఈవెన్ పవర్లను, ఇంటిగ్రేట్ చేయడం. బేసి ఘాతంతో బాధ లేదు. ఒక సైన్‌ని పక్కకు తీసి, మిగతా జతలను కాస్‌లోకి మార్చి, కాస్‌ని ‘టీ’ అనుకుంటే పని జరిగిపోతుంది. సరి ఘాతంలో అందరూ జతలుగా కూర్చుంటారు, పక్కకు తీయడానికి ఒంటరిగా ఎవరూ మిగలరు. అప్పుడు సైన్ స్క్వేర్ ఎక్స్ బదులు ‘ఒకటి మైనస్ కాస్ టూ ఎక్స్, మొత్తం బై రెండు’ అని రాయాలి. కోణం రెట్టింపవుతుంది, ఘాతం సగమవుతుంది. ఆ తర్వాత మళ్ళీ స్క్వేర్ తగిలితే మళ్ళీ అదే పని. ఈ సంగతి బుర్రకెక్కించుకోవడానికి పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి గొంతెత్తాను: “ఈవెన్ పవరున్నదా, సగం చెయ్యాలె! మల్ల ఈవెన్ వచ్చిందా, మల్ల సగం చెయ్యాలె! పవర్ ఒకటయ్యేదాక ఇడిశిపెట్టద్దు!”

కింద బట్టలు ఆరేస్తున్న అత్తమ్మ చెవిలో ‘ఈవెన్’ కాస్తా ‘ఈవినింగ్’ అయింది. మా బస్తీలో పవరంటే ఒకటే అర్థం, బాపులాంటివాళ్ళు పనిచేసే మరమగ్గాలను నడిపే కరెంటు. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన మగ్గాలు అప్పుడప్పుడే మళ్ళీ తిరుగుతున్నాయి. ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆ పూట ఈవినింగ్ నుంచి పవర్ సగమని, రేపు అందులోనూ సగమని, ఒంటిగంట అయ్యేదాకా రానే రాదని వార్త బయల్దేరితే ఎవరి గుండె నిలుస్తుంది?

వార్త బిల్డింగు దాటి, కార్ఖానాకు వెళ్ళి, మధ్యాహ్నానికి బాపు నోట మా ఇంటికే తిరిగొచ్చింది. చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి, “సాయంత్రం సంది పవర్ సగమేనట. సేఠ్ గూడ పరేషాన్ల ఉన్నడు. జర తెరిపిన పడ్డమనుకుంటే మల్ల గిట్లాయె,” అన్నాడు. “ఎవరు చెప్పిన్రు బాపు?” అంటే, “అందరూ అంటున్రు బిడ్డా,” అన్నాడు. (నేనూ నమ్మాను. నా నోట్లోంచి వెళ్ళిన మాటను నేనే గుర్తుపట్టకుండా హడలిపోయినదాన్ని, ఇక అత్తమ్మను ఏమని అనేది?)

ఇక చూడండి మా బిల్డింగు హడావుడి. ప్రతి గదిలోనూ మిక్సీ, ఇస్త్రీపెట్టె, కింద నీళ్ళ మోటారు, ఉన్న ఫోనులన్నీ చార్జింగులో. మా గదిలోని ఒక్క ప్లగ్గూ అమ్మ మిక్సీ పాలైంది. రెండు రోజులకు సరిపడా పిండి రుబ్బేదాకా అమ్మ దాన్ని వదల్లేదు. మూడున్నర దాటాక కింద మీటర్ల దగ్గర ‘ఫట్’మని చప్పుడైంది. అంత వాడకానికి ఫ్యూజు ఎగిరి బిల్డింగు మొత్తానికి కరెంటు పోయింది. “చెప్పిన్నా లేదా!” అన్న అత్తమ్మ గొంతులో విజయం వినిపించింది. నా ఫోనులో చార్జింగు అడుగంటింది. ఆ వేళకు పరీక్షకు రాకపోతే మళ్ళీ పెట్టేది లేదని సారు ముందే చెప్పి ఉన్నారు. నేను మెట్ల మీద కూలబడి ఏడుపందుకున్నాను.

“ఏడుస్తవేంది పిల్లా? నా ఫోన్ నిండుగున్నది, పట్టు,” అంది అత్తమ్మ. పుకారు పుణ్యమా అని అందరి ఫోనులూ నిండుగానే ఉన్నాయి. పై అంతస్తులో ఉండే ఒక అన్న తన నెట్ ఇచ్చాడు. డాబా దగ్గర మెట్ల మీద వెలుతురుంటుందని అక్కడ పీట వేశారు. అత్తమ్మ నా పక్కనే కూర్చుని, పైకొచ్చినవాళ్ళనల్లా “చుప్!” అని కసిరింది.

సారు అడగనే అడిగారు: “సైన్ పవర్ ఫోర్ ఎక్స్ కా ఇంటిగ్రేషన్ కరో, బోల్తే హుయే కరో.” పైకి చెబుతూ చేయమన్నారు గనుక నేను పైకే మొదలుపెట్టాను: “సర్, పవర్ ఈవెన్ హై, తో పెహలే ఆధా కరేంగే...”

“గిదే! పొద్దుగాల గిదే చెప్పింది! మల్ల గూడ సగం చెయ్యాలె, చెప్పు బిడ్డా!” అని అత్తమ్మ ఎగిరి లేచింది.

వెనక నుంచి ఎవరో జవాబు అందిస్తున్నారనుకుని సారు ముఖం మారిపోయింది. “పీఛే సే కౌన్ బతా రహా హై? జీరో దే దూంగా!”

అత్తమ్మ ఫోను లాక్కుని (ఫోను ఆవిడదే కదా), “సాబ్, హమ్‌కో హిసాబ్ నహీ ఆతా. హమారా తో లైట్ కా మామ్లా హై!” అంది, లెక్కలు తమకు రావని, తమది కరెంటు గొడవని. అప్పుడు వెలిగింది నాకు. తల వంచుకుని సారుకు జరిగినదంతా చెప్పాను. తలెత్తి చూస్తే సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. నవ్వాపుకోలేక! “అచ్ఛా, ఆగే కరో. ఆంటీ కో చుప్ బిఠావ్,” అని, అత్తమ్మను ఊరుకోబెట్టి కానివ్వమన్నారు.

కాస్ స్క్వేర్ టూ ఎక్స్‌ని మరోసారి దించి, చివరికి త్రీ ఎక్స్ బై ఎయిట్, మైనస్ సైన్ టూ ఎక్స్ బై ఫోర్, ప్లస్ సైన్ ఫోర్ ఎక్స్ బై థర్టీ టూ, ప్లస్ సీ అని చదివాను. “సహీ హై,” అన్నారు సారు. తల తిప్పితే మెట్ల నిండా జనం. ఎప్పుడొచ్చాడో బాపు కూడా ఉన్నాడు. “అంటే, పవరంటే గా పవర్ కాదా?” అని అత్తమ్మ నెమ్మదిగా అడిగింది. బాపు గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. మగ్గాలు ఆగిన నాటి నుంచి ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

ఆ తర్వాత చాలా పరీక్షలు రాశాను, ఇప్పుడు నేనే పెడుతున్నాను కూడా. మంచి గదులు, మంచి బల్లలు, ఎవరూ గొంతెత్తని వరండాలు. కానీ నా నోటి నుంచి వచ్చే జవాబు కోసం అంతమంది ఊపిరి బిగబట్టి నిలబడటం మళ్ళీ జరగలేదు. ఆ జవాబు తప్పో ఒప్పో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. సారు చెప్పకముందే అందరూ ఒప్పేనని నమ్మేశారు.