పులికి గీసిన గీతలు

పెనుకొండ స్టేషనులో ధర్మవరం బండి కోసం కూర్చునుంటే, ఎవరో అక్క బెంచీ మీద సుద్దతో పులిజూదం గీసి నన్ను ఆటకు పిలిచింది. ఓడినవాళ్లు బజ్జీలు కొనాలి. పులులు నావి, మేకలు ఆమెవి. ఏ కాయైనా గీతల వెంబడే కదలాలి. కాసేపటికి ఆమె మేకలు నా పులిని చుట్టుముట్టేశాయి. ఓడిపోతానని, గీత లేనిచోటికి దాన్ని దూకించాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏమప్పా, యాడికి దూకుతాండావు? ఆడ గీత యాడుండాది?"

"పులి కదక్కా! దానికి అడ్డమేముండాది?"

"మేకనాపేదానికి గీతలెందుకప్పా? అది ఎట్లాగూ భయపడే ఉంటాది. ఇవన్నీ గీసిండేది నీ పులి కోసమే!"

చుట్టూ చేరినవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వి బజ్జీలు కొన్నాను.

ముసలితనంలో అక్షరాలు నేర్చినవాణ్ణి. పాఠంలో రాజ్యాంగం గురించి కూడబలుక్కుని చదివాను గానీ, ఏలేవాళ్లు ఉండగా అదెందుకో నా మొద్దు బుర్రకు ఎక్కలేదు. ఆ రోజు బజ్జీ నములుతుంటే ఎక్కింది.

ఇప్పుడు మా ఊరి గ్రామసభలో పెద్దలు ఏదైనా తమకు తోచినట్టు తేల్చబోతే, "గీత యాడుండాదో చూపించండి సామీ" అంటాను. ఈ ఆట సంగతి ఊరందరికీ చెప్పాను గనక సభంతా నవ్వుతుంది. వాళ్లూ నవ్వుతూనే వెనక్కి తగ్గుతారు.