సముద్రంలో చిరిగిన చెవి పర్దా, ఇంట్లో పోసిన ఎల్లిగడ్డ నూనె

ఆ రోజు నీళ్లలోకి దిగుతుండగానే కుడి చెవిలో ఏదో తేడాగా అనిపించింది. అండమాన్‌లో, పడవకు కట్టిన తాడు పట్టుకుని నెమ్మదిగా కిందికి వెళ్తున్నాను. ముక్కు మూసుకుని లోపలి నుంచి గాలి ఊదితే చెవులు తెరుచుకోవాలి. అప్పుడే నీటి ఒత్తిడిని తట్టుకుంటాయి. ఎడమది తెరుచుకుంది, కుడిది మొండికేసింది. ముందు రోజు కాస్త జలుబు చేస్తే మాత్ర వేసుకుని ఉన్నాను. సరిగ్గా అప్పుడే కింద ఆక్టోపస్ కనిపించింది. రాయి రంగులో ఉన్నది కాస్తా నా కళ్ల ముందే ఎర్రబడింది. ఫోటోలు తీసేవాడు అలాంటిది వదిలేసి పైకి వస్తాడా? నేను ఇంకొంచెం కిందికి దిగాను.

కెమెరా కంటికి ఆనించానో లేదో, చెవిలో టప్‌మని శబ్దం. విచిత్రంగా నొప్పి తగ్గింది. చల్లటి నీళ్లు లోపలికి పోయాయి. ఆ వెంటనే సముద్రం మొత్తం గిర్రున తిరిగింది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. డైవింగ్ మాస్టర్ నా భుజం పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాడు. "ఊరికి పోగానే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించు" అని హిందీలో గట్టిగా చెప్పాడు.

నాది సంగారెడ్డిలో ఫోటో స్టూడియో, ఇల్లు పోతిరెడ్డిపల్లిలో. మా వాళ్లందరివీ కిరాణా దుకాణాలు. నేనొక్కణ్ణే పెళ్లిళ్ల ఫోటోలు, పటాన్‌చెరు కంపెనీల్లో మిషన్ల ఫోటోలు తీస్తూ బతుకుతున్నాను. అక్కడి ఇంజనీరు ఒకాయన స్నేహితుడై, ఒకసారి అండమాన్‌కు వెంట తీసుకెళ్లి డైవింగ్ నేర్పించాడు. అంతే, పిచ్చి పట్టింది. పుష్యమాసంలో పెళ్లిళ్లుండవు, స్టూడియో ఖాళీ. ఏడాదంతా ఆ నెల కోసం ఎదురుచూసేవాణ్ణి. నీళ్లలో రీలు మార్చలేం కాబట్టి దిగిన ప్రతిసారీ ఒక్క రీలు చేపల ఫోటోలు. అవి స్టూడియో గోడ మీద పెడితే, పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చినవాళ్లు తమ ఫోటోలు మరిచి వాటినే చూసేవాళ్లు.

ఇంటికి వచ్చేసరికి చెవి మూసుకుపోయి సలుపుతోంది. మా అమ్మ చూసి, "సముద్రం నీళ్లు పోయినయా? గదే మరి! ఎల్లిగడ్డ నూనె పోస్తే జల్దీ గుంజేస్తది" అంది. మా వాడకట్టులో ఎవరికి చెవిపోటు వచ్చినా మా ఇంటికే వస్తారు. నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి, గోరువెచ్చగా పోయడం అమ్మకు పెట్టింది పేరు. నా భార్య సుజాత మెల్లగా, "ముందుగాల డాక్టర్‌కు చూపిద్దాం అత్తమ్మా" అంది.

"నీ మొగడు పుట్టిన కాడికెల్లి నేనే పోస్తున్న. ఇప్పుడు డాక్టర్ ఏంది?"

అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పోయించుకున్నాను. హాయిగానే అనిపించింది. తెల్లారేసరికి జ్వరం. ఆ వారంలోనే చీము కారడం మొదలైంది.

సంగారెడ్డిలో ఈఎన్‌టీ డాక్టర్ చెవిలో లైటు వేసి చూశాడు. "ఏం పోసిండ్రు దీంట్ల?"

"ఎల్లిగడ్డ నూనె సార్."

ఆయన తల పట్టుకున్నాడు. "పర్దా చిరిగింది. పర్ఫొరేషన్ అంటరు. పర్దా మంచిగుంటే నూనె బయటనే ఆగుతది. చిరిగినంక పోస్తే సీదా మిడిల్ ఇయర్ లోపటికి పోతది. ఇప్పుడు ఇన్ఫెక్షన్ అయింది."

అమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది. బయటికి రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేతులతోనే నీ చెవి పాడు చేసిన గదరా" అంది. "చింపింది సముద్రమే అమ్మా, నువ్వు కాదు" అన్నాను. వింటేగా!

యాంటీబయాటిక్స్‌తో చెవి ఆరింది గానీ రంధ్రం పూడలేదు. ఆడియోమెట్రీలో కుడి చెవి వినికిడి బాగా తగ్గిందని తేలింది. ఒక పెళ్లిలో కుడివైపు నుంచి పెళ్లికూతురు తండ్రి పిలిచి పిలిచి, "ఈ ఫోటోగ్రాఫర్‌కు గంత గీర ఏంది?" అని అందరి ముందూ అరిచాడు.

చివరికి హైదరాబాద్‌లో సర్జన్ దగ్గరికి వెళ్లాం. టింపనోప్లాస్టీ చేయాలన్నాడు. చెవి పైనున్న కండరం మీది పలచటి పొర తీసి చిరిగిన చోట అతికిస్తారట, దాన్నే గ్రాఫ్ట్ అంటారు. "మళ్లీ డైవింగ్‌కు పోవచ్చా సార్?" అని అడిగాను. సుజాత నా వైపు కొరకొరా చూసింది.

"ముందు గ్రాఫ్ట్ పట్టనీ. పట్టినా, ముక్కు మూసుకుని ఊదితే చెవి తెరుచుకోవాలె. తెరుచుకోకుంటే ఇగ సముద్రం మాట మర్చిపో" అన్నాడు.

నిజం చెబుతున్నాను, వినికిడి కంటే నాకు ఆ భయమే ఎక్కువైంది. నీళ్ల కింద ఆ రంగులు, ఆ నిశ్శబ్దం ఇక లేవంటే ఎలా బతకాలో తోచలేదు.

ఆపరేషన్ తర్వాత ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. నాకు తుమ్ము వచ్చే సూచన కనిపిస్తే చాలు, అమ్మ వంటింట్లోంచే "నోరు తెర్వురా!" అని కేకేసేది. అంతలో జలుబు చేసి చెవి నుంచి కొంచెం రక్తం వచ్చింది. అయిపోయింది, గ్రాఫ్ట్ పోయిందనుకుని పరుగెత్తాం. సర్జన్ చూసి, "మంచిగనే ఉంది. పరేషాన్ కావద్దు" అన్నాడు. ఆ మాటకు సుజాత అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

ఆ ఏడు పుష్యమాసం ఇంట్లోనే గడిచింది. మరుసటి ఏడు సర్జన్ చెవిలోకి చూస్తూ నన్ను ఊదమన్నాడు. "పర్దా కదులుతుంది. పో! కానీ జలుబుంటే దిగొద్దు. చెవి తెరుచుకోకుంటే కింద ఏ చేపున్నా సరే, పైకి వచ్చెయ్." నేను మళ్లీ ఆ తాడు పట్టుకుని దిగాను. రెండు చెవులూ తెరుచుకున్నాయి. మాస్కు లోపలే ఏడ్చాను. ఆ రీలులో సగం ఫోటోలు మసకే, అయినా ఒక్కటీ పారేయలేదు.

ఇప్పుడు హాయిగా ఉన్నాను, కుడి చెవీ బాగానే వినిపిస్తోంది. చెవి మొరాయించిన రోజు పడవలోనే కూర్చుని టీ తాగుతాను, బాధేం లేదు. మీకు నేను చెప్పేది ఒక్కటే: చెవి నొప్పి ఎందుకు వచ్చినా, పర్దా ఎలా ఉందో డాక్టర్ చూసేదాకా చెవిలో చుక్క నూనె కూడా వేయకండి.

ఈ మాట నాకంటే మా అమ్మే గట్టిగా చెబుతుంది. మొన్న పక్కింటి యాదమ్మ చెవి పట్టుకుని వచ్చి, "అక్కా, జెర నూనె కాచి పొయ్యరాదు" అంది.

"పొయ్యనే పొయ్య. ముందుగాల డాక్టర్‌కు పర్దా సూపియ్యి."

యాదమ్మ మూతి ముడుచుకుంది. "నీ కొడుక్కైతే పోసినవు గదా!"

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "గందుకే నీకు పొయ్య" అని, చెప్పులేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని ఆటోల దగ్గరికి నడిచింది.