తళుకుల గౌను

కుట్టిన ప్రతి చొక్కానూ ఇచ్చేముందు టైలరు పిన్ని భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని గట్టిగా గుంజి చూస్తుంది. "చింపేస్తావా ఏంటి పిన్నీ!" అని అమ్మాయిలు నవ్వుతారు. "చిరిగేదైతే నా చేతుల్లోనే చిరగనీ అమ్మాయ్," అంటుంది కళ్లజోడు సర్దుకుంటూ. ఆమెకు పదేళ్లప్పుడు ఊళ్లోకి సర్కస్ వచ్చింది. ఉయ్యాల మీద ఎగిరే అమ్మాయి తళుకుల గౌను భుజం దగ్గర విడిపోతే, కుట్టమని ఊళ్లో బట్టలు కుట్టే ఈమె తల్లి దగ్గరికి పంపారు. తల్లి పొయ్యి దగ్గరుంది. ఆట మొదలైపోతుందన్న తొందరలో ఈమే ఒంటిపోగు దారంతో నాలుగు కుట్లు వేసి ఇచ్చేసి, పరుగున పోయి ముందు వరుసలో కూర్చుంది. గాల్లో గౌను భుజం జారింది. అవతలి ఉయ్యాలను అందుకోవాల్సిన చెయ్యి సిగ్గుతో గుడ్డను పట్టుకుంది. ఆ అమ్మాయి వలకు అవతల పడింది. మళ్లీ లేచి నడవలేదు.

మర్నాడు మేనేజరు గౌను పట్టుకొచ్చి, "ఎవరమ్మా ఇది కుట్టింది?" అని గుమ్మంలో అరిచాడు. ఈమె నోరు తెరిచేలోపే తల్లి, "నేనేనయ్యా," అంది. వీధి వీధంతా విన్నది. ఏడాది దాకా ఆ ఇంటికి ఎవరూ బట్టలు తేలేదు. తల్లి కూతుర్ని ఒక్క మాట అనలేదు.

తల్లి పోయి పదేళ్లయింది. ఆ కుట్టు ఆవిడదేనని ఊరు ఇప్పటికీ అనుకుంటోంది.