రెండో పక్క కొక్కెం

బుడ్డోడా, నువ్వు పోయిన సంగతి నాకు సైకిల్ మీద వచ్చిన మనిషి చెప్పాడు. "అమ్మా, మోరీ వంతెన కాడ జీపు పడిపోయింది, బిరీన రా" అన్నాడు. జీపు అన్నాడే గానీ నీ మాట ఎత్తలేదు. ఎత్తకపోయేసరికే నాకు తెలిసిపోయింది. అప్పటికి నీ కంచంలో సంగటి ముద్ద ఇంకా వేడి చల్లారలేదు.

ఇరవై ఏడేళ్ల కొడుకును బుడ్డోడా అని పిలుస్తుంటే షెడ్డుకు వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. వాడు మాత్రం ఏమీ అనుకునేవాడు కాదు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, ఊరు దాటేచోట మా షెడ్డు. షెడ్డు వెనకే ఇల్లు, ఇంటి వసారాలో నా పొయ్యి. ముందు వాడు జీపులు బాగుచేస్తే, వెనక నేను ఆ జీపుల డ్రైవర్లకు వండిపెట్టేదాన్ని. ఇప్పుడు ఆ డ్రైవర్లే ఆయుధపూజకు ఒక చిన్న పుస్తకం వేస్తూ, అందులో నా కొడుకును గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే దిద్దండి గానీ మాట మార్చవద్దని చెప్పి ఇస్తున్నాను. ఇందులో ఒక మాట మీలో ఎవరికీ నేను ఇంతవరకూ చెప్పలేదు.

వాళ్ల నాయన పోయాక వాడిని నంద్యాలలో ఒక ఉస్తాద్ దగ్గర పనిలో పెట్టాను. డెబ్బై మూడో, నాలుగో సంవత్సరం అనుకుంటాను. ఆ షెడ్డుకు ఒక పాత కారు వచ్చేదట. తెల్లవాళ్ల కాలం నాటిది, పెళ్లిళ్లకు బాడుగకు తిప్పేవాళ్లు. దాని బానెట్, అంటే ఇంజన్ మీది రేకు మూత, ఇప్పటి కార్ల మాదిరి పైకి లేవదు. నడిమధ్యన మడతబందు ఉండి, రెండు పక్కలా కోడి రెక్కల్లాగా తెరుచుకునేది. ఒక్కో పక్కకు రెండేసి పిడులు. పిడి తిప్పితే లోపల కొక్కెం పోయి పట్టుకోవాలి. అవి అరిగిపోయి పట్టడం మానేస్తే, బానెట్ మీదుగా ఒక తోలు బెల్టు బిగించి నడిపేవాళ్లు. పెళ్లికొడుకు ఊరేగుతుంటే రేకు టపటపా కొట్టుకునేది, పిల్లలు వెంటబడి నవ్వేవాళ్లు.

ఆ కొక్కేలు బజారులో దొరకవు. లారీ కమాను పట్టీ ముక్కలు తెచ్చి, కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో రాసి నా కొడుకు నాలుగు కొక్కేలు చేశాడు. చేసిందే చేస్తూ, నచ్చక మళ్లీ కాలుస్తూ రోజులు గడిపేస్తుంటే ఉస్తాద్ చూసి చూసి అన్నాడట.

"ఏందిరా బేటా, పెండ్లికూతురికి కడియాలు చేస్తాండావా?"

"కడియం ఊడితే ఎతుక్కుంటారు ఉస్తాద్. ఇది ఊడితే ఎతుక్కునేదానికి మనిషి ఉండడు."

ఈ మాట ఉస్తాదే నాకు చెప్పాడు, వాడు పోయాక. ఆ కారు బెల్టు లేకుండా పెళ్లికి పోయిన రోజున మాత్రం నా కొడుకే బస్సెక్కి వచ్చి నాకు చెప్పిపోయాడు. "మా, రేకు సప్పుడు చేయలేదు మా" అని. ఆ ఒక్క మాట చెప్పడానికే వచ్చాడు. సంగటి తిని మళ్లీ బస్సుకు పోయాడు.

తర్వాత ఆళ్లగడ్డలో సొంతంగా షెడ్డు పెట్టాడు. మన అహోబిలం లైనులో తిరిగేవన్నీ మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపులే కదా. జీపు బానెట్ అద్దం దగ్గర బందులతో ఉంటుంది, ముందుపక్క కుడికొకటి ఎడమకొకటి కొక్కేలుంటాయి. ఆ రెండే దాన్ని అణచిపెట్టి ఉంచేది. అవి పోతే మీరంతా సైకిల్ ట్యూబు కోసి కట్టేవాళ్లు. ట్యూబు చూస్తే వాడికి ఒళ్లు మండేది. "గాలి ముందు నుంచి వస్తాది. దానికి సందియ్యకూడదు. ట్యూబు ఎండకు సాగుతాది, సాగితే సందు ఇచ్చినట్టే" అనేవాడు.

మీలో పెద్ద డ్రైవరు ఒకరోజు నా బల్ల మీద కూర్చొని తింటూ వాడితో వాదం పెట్టుకున్నాడు.

"ట్యూబుండగా నీ కొక్కేలెందుకప్పా? తెగితే ఇంగోటి కడతాం."

"అన్నా, నీ పంచె ఊడితే కూడా ట్యూబే కట్టుకుంటావా?"

బల్ల మీద ఉన్నవాళ్లకు అన్నం మింగుడుపడలేదు నవ్వలేక. పెద్ద డ్రైవరు కూడా నవ్వాడు. ఆ నెలలోనే ఆయన జీపుకు కొక్కేలు పెట్టించుకున్నాడు. ఆయన్ని చూసి మిగిలినవాళ్లూ పెట్టించుకున్నారు. ప్రతి జతకూ లోపలి వైపు ఆకురాయితో ఆ బండి గుర్తు గీసేవాడు. ఒకరికి చుక్కలు, ఒకరికి గీతలు, లెక్క రానివాళ్లకు నెమలి, చేప.

వాడికి ఒక అలవాటుండేది. పని అయిపోయాక బానెట్ దించుతాడు. కుడిపక్క కొక్కెం పెట్టి, లాగి చూసి, అరచేత్తో బానెట్ మీద ఒక దెబ్బ కొడతాడు. ముందునుంచి చుట్టి ఎడమపక్కకు పోయి, ఆ కొక్కెం పెట్టి, లాగి, ఇంకో దెబ్బ. "బిగిసిందో లేదో కన్ను చెప్పదు మా, చెయ్యి చెప్తాది" అనేవాడు. నాకు వెనక పొయ్యి దగ్గరికి ఆ రెండు దెబ్బలూ వినిపించేవి. రెండో దెబ్బ పడితేనే నేను సంగటి ముద్ద కంచంలోకి తీసేదాన్ని. ముందే తీస్తే చల్లారి గట్టిపడుతుంది కదా. ఇన్నేళ్లలో మేమిద్దరం ఇది అనుకొని చేసింది కాదు. అలా కుదిరిపోయింది.

ఆ రోజు అహోబిలం తిరునాళ్ల. ఆళ్లగడ్డ బస్టాండు నిండా జనం. పెద్ద డ్రైవరు జీపు ఇంజన్ కాగిపోతోందని పొద్దున్నే తెచ్చి నిలిపాడు. వాడు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది. నాకు ఓపిక పోయింది. ఆ రోజు నేను దెబ్బ కోసం ఆగలేదు, ముందే ముద్ద తీసి కంచంలో పెట్టాను. ముద్ద నడుమ గుంట చేసి పుంటికూర పప్పు పోశాను. అప్పుడు ఒక దెబ్బ పడింది. ఒకటే.

"బుడ్డోడా, సంగటి గట్టిబడతాంది, రారా."

"వస్తాండా ఉండుమా."

"పొద్దున్నుంచి ఇదే మాట. ఇప్పుడు రాకపోతే కుక్కకు పెడతా."

నవ్వుకుంటూ వచ్చేశాడు. రెండో దెబ్బ పడలేదని నా చెవికి తెలుసు. తెలిసి కూడా, వచ్చాడు కదా అని సంతోషపడ్డాను. వాడు కూర్చొని రెండు ముద్దలు తిన్నాడో లేదో బయట హారన్ మోగింది. "జనం కాసుకోని ఉండారప్పా. ఒగసారి మోరీ దాకా తోలి, కాగుతాందో లేదో సూసి ఇయ్యి, మళ్లా తిందువులే" అన్నాడు పెద్ద డ్రైవరు. నా కొడుకు చెయ్యి కడుక్కొని లేచాడు. "కంచం తీయొద్దు మా, రెండు నిమిషాలు" అన్నాడు. కుడిపక్క నుంచి ఎక్కాడు, తోలుకొని పోయాడు. బండి ముందునుంచి చుట్టి రాలేదు. ఎడమపక్క చూడలేదు.

మోరీ దగ్గర బానెట్ లేచి అద్దానికి కొట్టుకుందని, వాడికి దారి కనపడలేదని తర్వాత చెప్పారు. బండిలో వాడు తప్ప ఎవరూ లేరు. అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను, పెట్టుకుంటూ ఏడ్చాను. ఇంటికి వచ్చేసరికి కంచం అక్కడే ఉంది. సంగటి రాయిలా అయింది, దాని మీద వాడి వేళ్ల గుర్తులు.

పదకొండో రోజుకే ఊళ్లో ఒక మాట పుట్టింది. కొక్కెం ఇరిగి బానెట్ లేచిందని, వాడు చేసిన కొక్కెమే వాడి ప్రాణం తీసిందని. మీరు చెడ్డగా అనలేదు, జాలిగానే అన్నారు. కానీ అన్నారు. నేను విన్నాను. విని ఊరుకున్నాను. కొక్కెం ఇరగలేదని చెప్పాలంటే, పెట్టలేదని చెప్పాలి. పెట్టలేదంటే, ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ఆ జవాబు నా నోట్లో ఉంది. దాన్ని నేను మింగాను. నా కొడుకు పనిని లోకం తప్పు పడుతుంటే, నా తప్పు బయటపడకుండా దాచుకున్నాను.

ఎండలు ముదిరాక పెద్ద డ్రైవరు ఒక గోనెసంచి తెచ్చి నా గడప పక్కన పెట్టాడు. కదిపితే ఇనుము చప్పుడు వచ్చింది.

"ఏందప్పా ఇది?"

"కొక్కేలక్కా. అందరం తీసేసినాం. పారేసేదానికి చేతులు రాలేదు. నీ కాడ ఉండనీ."

"మరి బండ్లకేం పెట్టినారు?"

ఆయన తల వంచుకున్నాడు. "ట్యూబే" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ రోజు నుంచి పొయ్యి ఆర్పేశాను. ఎవరినీ తినడానికి పిలవలేదు.

వానలు మొదలయ్యాక నంద్యాల నుంచి ఉస్తాద్ వచ్చాడు. మనిషి ముసలివాడైపోయాడు, కళ్లద్దాలు వచ్చాయి. కూర్చోను కూడా కూర్చోలేదు. "ఆ జీపు యాడుంది చెల్లీ?" అన్నాడు. పెద్ద డ్రైవరు దొడ్లో, గడ్డివాము పక్కన పడి ఉంది. అక్కడికి ఇద్దరమే పోయాం. ఉస్తాద్ గొంతుక్కూర్చొని కుడిపక్క తడిమి చూశాడు.

"ఇటు సూడు చెల్లీ. రేకు చినిగింది గానీ, కొక్కెం పట్టు ఇడ్సలేదు. ఇంగా పట్టుకోనే ఉంది."

ఎడమపక్కకు వచ్చాడు. ఆ కొక్కెం ఊరికే వేలాడుతోంది. దాన్ని వేలితో తిప్పి తిప్పి చూశాడు.

"గీత కూడా పడలేదు. దీన్ని పెట్టనేలేదు." నా ముఖం చూశాడు. "వాడు మరిచే మనిషి కాదే. ఆ దినం ఏమైంది?"

ఇంటికి వచ్చి, ఆరిపోయిన పొయ్యి ముందర కూర్చొని చెప్పాను. "నేను పిల్సినానన్నా. రెండో దెబ్బ పడకముందే పిల్సినా."

తలరాత అంటాడని, నీ తప్పేం లేదంటాడని ఎదురుచూశాను. అనలేదు.

"నువ్వు పిల్సింది నిజం. వాడు మరిసింది నిజం. కొక్కెం ఇరిగిందనేది ఒగటే అబద్ధం. అది వాడి మీద పడి ఉంది. నాకు ఓర్సుకునేదానికి కాలేదు, అందుకే వచ్చినా" అన్నాడు. మళ్లీ కొంతసేపటికి, "పొద్దున బస్సెక్కినాంక ఏమీ తినలేదు చెల్లీ. ఏమన్నా పెడతావా?" అని అడిగాడు.

ఇన్ని నెలల తర్వాత పొయ్యి వెలిగించి సంగటి కెలికాను. నమాజుకు వేళైందని ఆయన వసారాలో చాప వేసుకున్నాడు. అప్పటికే ముద్ద తీసేశాను. కంచం పట్టుకొని నిలబడ్డాను. సంగటి నా చేతిలోనే చల్లారింది, గట్టిపడింది. నేను పిలవలేదు. ఆయన లేచి వచ్చి కంచంలో వేలు పెట్టి చూశాడు.

"గట్టిబడింది గదా."

"ఉండన్నా. ఏన్నీళ్లు పోసి మళ్లా కెలుకుతా."

ఆ మాట అన్నాక కంచం కింద పెట్టేశాను. ఒక చెంబు వేడినీళ్లు పోసి తెడ్డుతో కెలికితే మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి వండినదాన్ని, వాడిని పిలిచిన రోజు నాకు ఆ సంగతి తోచలేదు. ఉస్తాద్ నేను ఏడ్చినంతసేపూ ఆగి, తర్వాత మొత్తం తిన్నాడు.

ఇదీ నేను చెప్పాల్సిన మాట. హారన్ కొట్టాడని పెద్ద డ్రైవరును ఎవరూ ఏమీ అనవద్దు. ఆయనకు కాచుకొని ఉన్న జనం కనపడ్డారు, నాకు చల్లారిపోయే సంగటి కనపడింది. కొక్కెం మాత్రం ఇరగలేదు. అనుమానం ఉన్నవాళ్లు దొడ్లోకి పోయి చేత్తో తడిమి చూసుకోండి.

సంచిలోవన్నీ బయటికి తీశాను. కిరసనాయిల్‌తో తుడిచి, స్ప్రింగులకు నూనె పెట్టి, షెడ్డు గోడకు మేకులు కొట్టి జతజతలుగా తగిలించాను. ఆయుధపూజకు వాడి సుత్తికీ, వాటికీ కుంకుమ పెడతాను. చుక్కలవాళ్లు, గీతలవాళ్లు, నెమలివాళ్లు, చేపవాళ్లు, ఎవరి జత వాళ్లు గుర్తుపట్టి తీసుకుపోండి. తిప్పి చూస్తే లోపలివైపు వాడి ఆకురాయి గీతలు ఇంకా మెరుస్తున్నాయి.

పొయ్యి మళ్లీ వెలిగించాను. బండి నా గడప ముందర నిలిపితే రెండు పక్కలా కొక్కేలు పెట్టి, రెండు పక్కలా లాగి చూసి లోపలికి రండి. నేను పిలవను, తొందరపెట్టను. ఎంతసేపైనా కంచం పట్టుకొని నిలబడతాను. చల్లారితే మళ్లీ వేడి చేస్తాను. నింపాదిగా కూర్చొని, కడుపునిండా తినండి.