మౌసు ముట్టని సుగుణక్క

ప్రింటర్లోంచి అప్పుడే వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలితే చాలు, నాకు సుగుణక్క గుర్తొస్తుంది. మార్కాపురంలో ఆమె నడిపిన డీటీపీ సెంటర్లోనే నేను లెక్కల ప్రశ్నపత్రాలు టైపు చేయడం నేర్చుకున్నాను. ఆదివారం చర్చిలో పాడే పాటలనే వారమంతా షాపులో సన్నగా పాడుకుంటూ పనిచేసేది. ఇప్పుడు గిద్దలూరులో నాకంటూ ఒక షాపు ఉందంటే అది ఆమె చలవే.

లెక్కలను మామూలు మాటల్లా టైపు చేస్తే కుదరదు. భిన్నానికో ఆదేశం, వర్గమూలానికో ఆదేశం రాయాలి. తెరిచిన ప్రతి బ్రాకెట్‌నూ మూయాలి. ఒక్కటి మరిచినా పేజీ రాదు, ఎర్ర అక్షరాలు వస్తాయి. వంకీల బ్రాకెట్లకు అక్క పెట్టిన పేరు మీసాల బ్రాకెట్లు. "ఒకపక్కనే మీసముంటే ఊరంతా నవ్వదా? రెండో పక్క గూడా పెట్టు" అనేది.

చేరిన కొత్తల్లోనే ఒక ప్రైవేటు బడి వాళ్ల పదో తరగతి పేపరు అక్క నాకు అప్పగించింది. పరీక్ష మర్నాడే. మధ్యాహ్నానికి నా ఫైలు మొరాయించింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే హెడ్మాస్టరు గారు కాపీల కోసం వచ్చి కూర్చున్నారు. తప్పు చివరి లైన్లో ఉందంటుంది కంప్యూటరు. అక్కడ చూస్తే అంతా బాగానే ఉంది. పేపరు అందకపోతే ఆ బడి పనంతా ఎదుటి షాపుకు పోతుంది, దాంతో నా ఉద్యోగమూ పోతుంది. ఇంట్లో కూర్చోమనడానికి మా నాయన ఎప్పుడూ సిద్ధమే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏంది సుగుణమ్మా ఇది? ఆ పిల్లను లేపి నువ్వు కూచో" అన్నారాయన.

"ఆ పిల్ల చేసిందే సార్. ఆ పిల్లే సరిచేస్తాది" అంటూ అక్క నా పక్కన స్టూలు వేసుకుంది. మౌసు మాత్రం ముట్టుకోలేదు.

"కంప్యూటరు తనకు దారి తెలీక నిలబడిన చోటు చూపిస్తాది గానీ, దారి తప్పింది ముందెక్కడో. సగం ప్రశ్నలు తీసి పక్కన పెట్టు. మిగతావి వస్తాయేమో చూడు."

తీశాను. మిగతా సగం వచ్చింది. అంటే తీసిన సగంలోనే తప్పుంది. దాన్నీ సగం చేశాను. అట్లా తగ్గించుకుంటూ పోతే ఒకే ప్రశ్న మిగిలింది. భిన్నం కింద వర్గమూలం ఉంది, దానికి ఒకపక్కనే మీసం. రెండోది పెట్టగానే పేపరంతా వచ్చేసింది. హెడ్మాస్టరు గారు కాపీలు తీసుకుని, టీ కూడా తాగి వెళ్లారు.

"తప్పు యాడుందో నీకు ముందే తెలుసు గదక్కా?" అని అడిగాను.

"నాకేం తెలుసు? ప్రభువును తలుచుకుంటా కూచున్నా" అంది.

అప్పుడు పడీపడీ నవ్వాను. షాపునంతా నా చేతిలో పెట్టి కూర్చుందని చాలా కాలానికి గానీ నాకు తట్టలేదు. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి ఫైలు ఆగిపోయి, ఎదురుగా గిరాకీ విసుక్కుంటుంటే, మౌసు లాక్కోవాలని నా చేయి ఒకటే దురదపెడుతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. చెన్నకేశవుణ్ణి కొలిచే ఇంట్లో పుట్టిన నేను, ఆ కాసేపు మాత్రం సుగుణక్క ప్రభువునే తలుచుకుంటాను.