తినడానికి వచ్చిన ఇద్దరు

వాళ్ళిద్దరూ ఆటో దిగుతుండగానే నాకేదో తేడా కొట్టింది. ఒకరి పక్కన ఒకరు కూర్చునే వచ్చారు గానీ మధ్యలో ఒక సంచి పెట్టుకున్నారు. పెద్దాయన ముందు దిగి, ఆవిడకు చెయ్యి అందించబోయి వెనక్కి తీసుకున్నారు. ఆవిడ తన సంచి తనే పట్టుకుని దిగారు.

అది రెండువేల పన్నెండు, రంజాన్ నెల. వానలు పడుతున్నాయి. చిక్కడపల్లిలో మా ఇంటి మేడ మీద ఒక గది, దాని ముందు చిన్న వరండా ఉండేవి. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే అమ్మాయిలకు ఆ గది కిరాయికి ఇచ్చేవాళ్ళం. ఆ నెలలో పాతవాళ్ళు ఖాళీ చేశారు, కొత్తవాళ్ళు ఇంకా దిగలేదు. అదను చూసుకున్నట్టు మా ఆయన ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, తనతో పనిచేసే ఒకతని చుట్టాలు కాకినాడ నుంచి వస్తున్నారనీ, నాలుగు రోజులు మేడ మీద ఉంటారనీ చెప్పాడు.

"లాడ్జిలు లేవా?" అన్నాను.

"పెద్దమనుషులు. లాడ్జిల వాళ్ళకు పడది."

"ఏం పని మీద వస్తున్నరు? దవాఖానకా?"

మా ఆయన చొక్కా కొక్కేనికి తగిలిస్తూ, అటు తిరిగే చెప్పాడు. "తినెతందుకు."

నేను, మా అత్తమ్మ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "కాకినాడోళ్ళు తినెతందుకు పట్నం వచ్చుడేంది?" అంది అత్తమ్మ. "వాళ్ళ దిక్కు లేని తిండి మన దిక్కు ఏమున్నది?"

"బిర్యానీ, హలీమ్... గట్ల తిరిగి తిరిగి తిందామనుకుంటున్నరట. నాకేమెరుక?" అని మా ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు.

నా అనుమానానికి నా ఉద్యోగం కూడా కొంత కారణం. నారాయణగూడలో ఒక కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ల పని నాది. పుట్టిన తేదీ దిద్దిన మెమోలు, అతికించిన ఫొటోలు, పక్కింటాయన తండ్రిగా పెట్టిన సంతకాలు, ఇలాంటివి చూసీ చూసీ ఏ కాగితాన్నీ ఒకసారి చదివి వదిలిపెట్టే అలవాటు పోయింది. మనుషుల్ని కూడా అలాగే చూస్తున్నానని నాకు తెలియదు.

వచ్చిన రోజు పొద్దున టీ ఇచ్చి రావడానికి మేడ ఎక్కాను. పెద్దాయనకు అరవై ఐదు దాటి ఉంటాయి. బక్కగా, తెల్ల చొక్కాలో శుభ్రంగా ఉన్నారు. ఆవిడ ఆయనకంటే నాలుగైదేళ్ళు చిన్న. నేను చక్కెర డబ్బా కింద పెట్టగానే పెద్దాయన ఆవిడ వైపు తిరిగి అడిగారు.

"మీరు పంచదార వేసుకుంటారా?"

"అరచెంచా."

నా చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. ఈ వయసు దంపతులంటే ముప్పై నలభై ఏళ్ళ కాపురం అయి ఉండాలి. భార్య టీలో చక్కెర వేసుకుంటుందో లేదో తెలియని మొగుడు ఉంటాడా? ఉంటాడేమో. కానీ 'మీరు' అని పిలిచి మరీ అడుగుతాడా? కిటికీ గట్టు మీద రెండు పళ్ళపొడి డబ్బాలు, రెండు సబ్బు పెట్టెలు వేరువేరుగా పెట్టి ఉన్నాయి.

కిందికి వచ్చి చెబితే అత్తమ్మ నాకంటే ముందే ఉంది. "కాళ్ళకు మెట్టెలు లేవు, చూసినవా?"

"ఈ కాలంల ఎంతమంది పెట్టుకుంటున్నరు అత్తమ్మా?"

"ఆమెది ఈ కాలమా?"

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో బిర్యానీ తిని వచ్చారు. మెట్ల దగ్గర ఎదురైతే ఎలా ఉందని అడిగాను. "అద్భుతం అమ్మా," అన్నారు పెద్దాయన. "అన్నం ఏ మెతుక్కామెతుకు విడిగా!" ఆవిడ మాత్రం ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. సాయంత్రం అశోక్ నగర్‌లో హాస్టల్ పిల్లలతో పాటు వరసలో నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నారట. అవీ అద్భుతమే.

రెండో రోజు పొద్దున బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కితే వరండాలో మడిచిపెట్టిన చాప, దాని మీద దుప్పటి కనిపించాయి. జల్లు కొట్టి దుప్పటి ఒక కొస తడిసింది. అంటే పెద్దాయన వానలో కూడా వరండాలోనే పడుకున్నారు. గదిలో మంచం ఇద్దరికి సరిపోయేదే.

అదే రోజు మధ్యాహ్నం భోజనాల వేళ కాలేజీ నుంచి బయటికి వచ్చాను. రోడ్డుకి ఇవతల నిలబడితే ఎదురుగా ఇరానీ హోటల్లో వాళ్ళిద్దరూ కనిపించారు. పెద్దాయన ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నారు. సర్వరు పక్క బల్లకి టీలు తీసుకుపోతూ చెయ్యి తగిలి, ఒక కప్పు పెద్దాయన తెల్ల చొక్కా మీద ఒలకబోశాడు. అప్పుడు ఆవిడ చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆవిడ మరక వైపు చూడలేదు, కంగారు పడలేదు. తన కప్పు కింద పెట్టి, పెద్దాయన మొహం వైపే రెప్ప వేయకుండా చూశారు. ఆయన నవ్వి సర్వరుతో ఏదో అని, రుమాలుతో తుడుచుకున్నారు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే ఆవిడ సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి గబగబా ఏదో రాసి మళ్ళీ లోపల పెట్టేశారు.

వీళ్ళు ఎవరు? ఈమె ఈయన మీద ఏం రాస్తోంది? మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను గానీ పని మీద మనసు నిలవలేదు.

ఆ సాయంత్రంతో నా అనుమానం రుజువైపోయిందనుకున్నాను. ఆరిన బట్టలు తీస్తున్నాను. ఆవిడ మెట్ల మలుపులో నిలబడి ఫోన్ మాట్లాడుతున్నారు.

"అన్నవరంలోనే ఉన్నాన్రా. భజన వాళ్ళందరం కలిసే ఉన్నాం. వానేం లేదు ఇక్కడ. ఆఁ, ఆఁ, ప్రసాదం తెస్తాలే."

ఆవిడ వెనక్కి తిరిగేసరికి ఎదురుగా నేను, చేతుల నిండా బట్టలతో.

"లేపుకొచ్చిండు," అని తేల్చేసింది అత్తమ్మ.

"అరవై ఏళ్ళకా?"

"వయసుతోని ఏం పని? రేపు ఆమె కొడుకు పోలీసోళ్ళను తోలుకొని మన గల్లీకొస్తే ఇజ్జత్ ఎవలిది పోతది?"

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, "మనకెందుకే, ఎల్లుండి పోతరు," అన్నాడు. ఎవరిలో చిన్న తేడా కనిపించినా నాకంటే ఎక్కువ పరేషాన్ అయ్యే మనిషి అంత తాపీగా ఉండడం కూడా నాకు నచ్చలేదు.

మూడో రోజు శనివారం. నేను సెలవు పెట్టాను. పొద్దున్నే మేడ ఎక్కి, బయటివాళ్ళు ఎవరున్నా గుర్తింపు కార్డుల జిరాక్సులు తీసిపెట్టుకోమని పోలీసులు చెబుతున్నారని అబద్ధం ఆడాను. పెద్దాయన వెంటనే ఓటరు కార్డు తీసి ఇచ్చారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నా కళ్ళలోకి చూసి, తరవాత ఇచ్చారు. మెట్లు దిగుతూనే చూశాను. ఆవిడ కార్డులో భర్త పేరు అని ఉన్న చోట వేరే పేరుంది. ఇంటిపేరు కూడా వేరు.

అశోక్ నగర్ జిరాక్స్ సెంటర్లో పిల్లలు పాత ప్రశ్నపత్రాలు పట్టుకుని కిక్కిరిసి ఉన్నారు. నా వంతు వచ్చేదాకా ఆ రెండు కార్డులూ గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. కాపీలు తీయించాను. పోలీస్ స్టేషన్‌కి వెళ్దామా అని నిజంగానే అనుకున్నాను. ఏమని చెప్పాలి? ఇద్దరు ముసలివాళ్ళు మా మేడ మీద దిగి బిర్యానీ తింటున్నారని చెప్పాలా? ఆ మాట మనసులో అనుకుంటేనే సిగ్గేసింది. అయినా కాపీలు మాత్రం పారేయలేదు, సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పెద్దాయన లైబ్రరీలో పేపర్లు చదువుకుంటానని వెళ్ళారట. ఆవిడ ఒక్కరే ఉన్నారు. కార్డులు ఇస్తే తీసుకుని, "కూర్చో అమ్మాయ్," అన్నారు. "చూశావుగా?"

"చూసిన ఆంటీ."

"ఆయన నా భర్త కాదు."

అంత నేరుగా చెబుతారనుకోలేదు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

"నువ్వనుకునేది కూడా కాదు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. వీరి భార్య పోయి నాలుగేళ్ళు. నేను టీచరు చేసి రిటైరయ్యాను, ఆయన పోస్టాఫీసులో. పింఛను కోసం ఏటా మేం బతికే ఉన్నామని సంతకం పెట్టడానికి బ్యాంకుకి వెళ్ళాలి కదా, అక్కడ వరసలో పరిచయం. రెండేళ్ళ నించీ పెళ్ళి చేసుకుందామని అడుగుతున్నారు. నేనే తేల్చుకోలేక ఇలా తీసుకొచ్చాను."

"తినెతందుకా?"

"తినేటప్పుడు చూడడానికి." ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. "మా ఆయనకి ముప్పైరెండేళ్ళు వండి పెట్టాను. బావుందని అనలేదు, బాలేదని అనలేదు. ఉప్పెక్కువైతే కంచం పక్కకి జరిపేసి లేచిపోయేవారు. రోజుకి రెండు పూటలా ఆ కంచం వైపు చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ అలా నిలబడలేను. మా ఊళ్ళో ఇద్దరం కలిసి ఒక హోటల్లో కూర్చుంటే సాయంత్రానికి మా అబ్బాయికి తెలిసిపోతుంది. ఇక్కడైతే మమ్మల్ని ఎవరూ ఎరగరు. నాలుగు రోజులు రకరకాలుగా తిని చూద్దాం అన్నాను. సరేనన్నారు."

నోటుబుక్కు సంగతి నేను అడగలేదు, ఆవిడే తీసి రెండు మూడు ముక్కలు చదివారు. "బిర్యానీలో మంచి ముక్క ముందు తన ప్లేటులో వేసుకున్నారు. తరవాత చూసుకుని నాకు వేశారు. సర్వరు టీ ఒలకబోశాడు, కోప్పడలేదు. బజ్జీల దగ్గర పిల్లల్ని తోసుకుని ముందుకెళ్ళలేదు."

"మరి ఏం తేలింది?"

అడిగింది నేను కాదు. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా మేడ ఎక్కని అత్తమ్మ, గోడ పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

ఆవిడ ఏమీ కంగారు పడలేదు. "తేలలేదండీ. మంచి మనిషే. కానీ ఏం పెట్టినా అద్భుతం అంటున్నారు. నిన్న హోటల్లో పాయసం మాడు వాసన వేసింది. అదీ అద్భుతమే. మా ఆయన ఏమీ చెప్పకపోవడం, ఈయన అన్నీ బావున్నాయనడం నాకు ఒకలాగే ఉన్నాయి. లోపల ఏముందో తెలీదు."

అత్తమ్మ చాలాసేపు తల ఊపింది. కిందికి దిగుతూ నాతో ఒక్క మాటే అంది. "మీ మామ కూడ గంతే ఉండె."

మా ఆయన రాగానే అడిగాను. "మీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే. చెప్తే నువ్వు రానిస్తుంటివా?"

రానిచ్చేదాన్ని కాదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. సంచిలో ఉన్న కాపీలు తీసి చింపేశాను గానీ, ఆయనతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. పొద్దున నేను చేసే చారు గురించి ఆయన ఏనాడైనా ఏమైనా అన్నాడా అని లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను.

శనివారం సాయంత్రం వాళ్ళు ముషీరాబాద్‌లో హలీమ్ తినొచ్చారు. అద్భుతమేనని పెద్దాయన మెట్ల కిందినుంచే చెప్పారు. ఆవిడ నేరుగా పైకి వెళ్ళిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం రైలు. పొద్దున అత్తమ్మ ఇద్దరినీ కిందికి పిలిచింది. తనే పొయ్యి దగ్గర నిలబడి సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, వెల్లుల్లి కలిపి గిన్నెకు పల్చగా అద్ది కాల్చడం. అత్తమ్మ చేతి సర్వపిండికి మా వైపు పేరు. పెద్దాయన ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకో ముక్క తీసుకోలేదు.

"ఎట్లున్నది?" అంది అత్తమ్మ.

పెద్దాయన ఒకసారి ఆవిడ వైపు చూశారు. "గట్టిగా ఉందండి. నా పళ్ళకి పట్టడం లేదు. వెల్లుల్లి కూడా ఎక్కువైంది. మా దిబ్బరొట్టె దీనికంటే బావుంటుంది."

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "సర్వపిండి గట్టిగనే ఉంటది. మెత్తగుండెతందుకు గదేమన్న ఇడ్లీనా?"

ఆవిడ నవ్వారు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నాలుగు రోజుల్లో అంతకుముందు ఆవిడ నవ్వడం నేను చూడలేదు. పెద్దాయన కూడా మెల్లగా నవ్వారు. అత్తమ్మ మాత్రం వాళ్ళు ఆటో ఎక్కేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆవిడకు మాత్రం నాలుగు సర్వపిండిలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

వాళ్ళు వెళ్ళాక నాకు కొత్త అనుమానం పట్టుకుంది. ఆ మాట పెద్దాయన మనసులోంచే వచ్చిందా? లేక అంతకుముందు రోజు ఆవిడ నాతో చెప్పినట్టే ఆయనకూ చెప్పి ఉంటే, ఆవిడ కోసం అన్నారా? మా ఆయనను అడిగితే, "అయ్యో, గిప్పుడన్న వదిలిపెట్టు వాళ్ళను," అన్నాడు. నేను వదిలిపెట్టలేకపోయాను. ఒక్కోసారి ఆయన చూసిన ఆ చూపు పరీక్ష హాల్లో పక్కవాడి కాగితం వైపు చూసినట్టు అనిపించేది. ఒక్కోసారి మాత్రం, ఆ వయసులో అంత ధైర్యం చేసిన మనిషిని ఇంకా తూకం వేస్తున్నందుకు నా మీద నాకే విసుగొచ్చేది.

సంక్రాంతి దాటాక ఆవిడ ఫోన్ చేశారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నామని చెప్పారు. కొడుకు రాలేదు. నేను శుభాకాంక్షలు చెప్పి, ఉండబట్టలేక అడిగేశాను. "ఆంటీ, సర్వపిండిని కూడ అద్భుతం అనొద్దని అంకుల్‌కు మీరు ముందే చెప్పిన్రా?"

"నేనేం చెప్పలేదమ్మా. మీ అత్తగారు చెప్పారేమోనని నాకనుమానం," అన్నారు ఆవిడ.

ఫోన్ చేత్తో మూసి అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. "నేనెందుకు చెప్తనే?" అంది తలెత్తకుండా.

ఆ ఎండాకాలం ఆవిడ మళ్ళీ ఫోన్ చేశారు. కొడుకు ఒక ఆదివారం వచ్చాడట. పెద్దగా మాట్లాడలేదు. భోజనానికి కూర్చుని, పెద్దాయన వండిన పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడట.